రెండో ప్రతివాది

2017 జులై 11

పొద్దుటినుంచి ముసురు. మినప్పిండి రుబ్బాక వాన దిగింది. వడియాలు పెట్టడానికి లేదు. పిండి పులిసిపోతుందని అమ్మ గారెలు వండేసింది. నాలుగు పక్కింటావిడ సాహుయిన్‌కి ఇచ్చి, మిగిలినవి మేం తిన్నాం.

మధ్యాహ్నం కోర్టు మనిషి సైకిలు మీద తడుస్తూ వచ్చాడు. రెండు సమన్లు. ఒకటి నాకు, ఒకటి అమ్మకి. నేను సంతకం పెట్టాను, అమ్మ వేలిముద్ర వేసింది. "ఒకే గడపలో ఇద్దరు ప్రతివాదులు. నాకు ఒక తొక్కుడు తగ్గింది" అని నవ్వాడు. గారె ఇస్తే తిన్నాడు.

దావా వేసింది మల్లేశ్వరరావు. అంటే పెదమామ. అమ్మకి తమ్ముడు, మా ఆయనకి అన్న. మొన్న ఆదివారం వచ్చి మా ఇంట్లో చేపల పులుసు తిని వెళ్ళిన మనిషి.

జులై 14

కోర్టు దగ్గర దేవాంగన్ వకీలు దావా చదివి చెప్పాడు. రామయ్య, అంటే మా ఆయన, పోయి రెండేళ్ళు. పిల్లలు లేరు. పైడమ్మ రామయ్యకి సొంత అక్క కూతురు. మేనమామకీ మేనకోడలికీ పెళ్ళి చట్టంలో చెల్లదు. చెల్లదు కాబట్టి పైడమ్మ భార్య కాదు. కాదు కాబట్టి గుఢియారీలో రామయ్య కట్టిన ఇల్లు అతని అన్నకీ అక్కకీ చెరిసగం.

అక్క అంటే అమ్మ.

వకీలు కళ్ళజోడు తీసి నా వంక చూశాడు. "నిజమేనా? భాంజీవా నువ్వు? మేనకోడలివా?"

ఈ ఊళ్ళో మేనమామలు మేనకోడలి కాళ్ళకి దండం పెడతారు. రాముడి తల్లి పుట్టిల్లు ఈ ఛత్తీస్‌గఢేనట, రాముడు ఈ దేశానికి మేనల్లుడట, అందుకని. పెళ్ళయి వచ్చిన కొత్తలో రైల్వే క్వార్టర్లలో ఒకావిడకి నిజం తెలిసి, మా ఇంట్లో మంచినీళ్ళు ముట్టడం మానేసింది. ఆ తర్వాత ఆయన ఎవరికీ చెప్పలేదు. నన్నూ చెప్పొద్దన్నాడు. నాన్న పోయాక అమ్మ మా దగ్గరికి వస్తే, మా అక్క అన్నాడు. అది అబద్ధం కాదు.

"మాలో ఉంది సార్" అన్నాను.

"ఉంటే మంచిదే. ఆచారం ఉందంటే చట్టం ఒప్పుకుంటుంది. కాని రుజువు కావాలి. మీవాళ్ళు నలుగురు బోనెక్కి, మాలో ఇది తాతల నాటినుంచి ఉంది, మేమూ చేసుకున్నాం అని చెప్పాలి."

"పెన్షను కాగితాల్లో భార్య అనే ఉంది కదండీ."

"రైల్వేవాళ్ళు రాసుకుంటే పెళ్ళయిపోదు. ఇది పోతే అదీ పోవచ్చు."

నలుగురేం ఖర్మ, నలభైమందిని తెస్తానన్నాను. వాయిదాలు రాసుకోమన్నాడు. అందుకే ఈ పుస్తకం కొన్నాను. సమన్లు వచ్చిన రోజుది కూడా ముందు ఇందులో ఎక్కించాను.

జులై 23

చెన్నకేశవులుగారింటికి వెళ్ళాను. తెలుగు సంఘం సెక్రటరీ. భార్య భ్రమరాంబ ఆయన సొంత అక్క కూతురు. ఆ పెళ్ళికి నేనూ మా ఆయనా రాజమండ్రి వెళ్ళి భోజనం చేసి వచ్చాం.

అంతా విన్నాడు. "నీకు అన్యాయం జరుగుతోందమ్మా. సంఘం తరఫున తీర్మానం చేయిస్తాను."

"తీర్మానం వద్దండి. మీరొచ్చి చెప్తే చాలు."

"నేనా? హిందీలో, అంతమందిలో, నా అక్క కూతుర్ని చేసుకున్నానని? మా పిల్లని దుర్గ్‌లో ఇస్తున్నాం పైడమ్మా. ఈ దేశం వాళ్ళు. మేమిద్దరం దూరపు చుట్టాలమని వియ్యాలవారికి చెప్పుకున్నాం."

వంటింట్లోంచి భ్రమరాంబ అంది. "అసలు చుట్టాలమే కాదని చెప్పాల్సింది. నా ప్రాణం హాయిగా ఉండేది."

ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. భ్రమరాంబ గుమ్మం దాకా వచ్చి చేతిలో జామపళ్ళు పెట్టి, నా మొహం చూడకుండా తలుపు వేసుకుంది.

ఆగస్టు 6

ఇంకో రెండిళ్ళు. ఒక ఇంటికి బయట తాళం. ఒక ఇంటికి లోపల గడియ, టీవీ మోగుతోంది.

ఆగస్టు 20

ఆదివారం. పెదమామ మామూలుగా వచ్చాడు. చెప్పులు మామూలు చోటే విడిచాడు.

"కోపమేటి పైడీ? కోర్టు గొడవ కోర్టుది. ఇల్లు ఇల్లే."

అమ్మ అన్నం వడ్డించింది. నా పెళ్ళి కుదిర్చింది ఆయనే. పదో తరగతి పరీక్షలయ్యాక చదువు మాన్పించి, తమ్ముడికిస్తే పిల్ల బయటికి పోదని అమ్మని ఒప్పించింది ఆయనే. తాటాకు పందిరి తానే వేశాడు. ఇప్పుడు ఆయన కొడుకు మణిదీప్‌కి సంబంధాలు చూస్తున్నారు. బీర్‌గావ్‌లో ఉన్న రెండు గదుల్లో కోడల్ని ఎక్కడ పెడతారు?

తింటూ అమ్మతో అన్నాడు. "నీ సగం నీకొస్తాది అక్కా. నీ సగంలో నీ కూతుర్ని ఉంచుకో. నానడ్డేస్తానా?"

"చారు పోసుకో" అంది అమ్మ.

ఆయన వెళ్ళాక అడిగాను. "నువ్వేటి చెప్తావు కోర్టులో?"

"నన్నెవరడుగుతారే" అంది.

అమ్మ నావైపే.

సెప్టెంబరు 12

ఎండ బాగుంది. బూడిద గుమ్మడి వడియాలు రెండు మంచాల నిండా పెట్టి వెళ్ళాను.

సాక్షులెవరూ దొరకలేదని వకీలుకి చెప్పాను. పెదమామ సంగతి కూడా చెప్పాను. ఆయన చేసుకున్నది సొంత మేనత్త కూతుర్ని, మరి చట్టంలో ఆ పెళ్ళి చెల్లుతుందా? వకీలు ఆలోచించి, "నలుగురూ దొరికి ఉంటే అదీ అడిగేవాణ్ణి" అన్నాడు. మా కాగితాలన్నీ తిరగేశాడు. రేషన్ కార్డు దగ్గర ఆగాడు.

"అప్పలనరసమ్మ. ఇంటి యజమానికి అక్క. ఇదేనా మీ అమ్మ?"

"అవును."

"ఆధార్?"

"ఆయన కేరాఫ్‌నే తీశారు."

"నువ్వు ఆమె కూతురివని ఏ కాగితంలో ఉంది?"

ఏ కాగితంలోనూ లేదు. నేను మంచం మీద పుట్టాను, ఆసుపత్రిలో కాదు. బడి సర్టిఫికెట్‌లో నాన్న పేరే, పరదేశి అని. మా పెళ్ళికి శుభలేఖలు వెయ్యలేదు.

వకీలు పెన్ను కింద పెట్టాడు. "అయితే ఆచారంతో మనకేం పని? నువ్వు ఆమె కూతురివని రుజువు చెయ్యాల్సింది వాది. నువ్వు కాదను. ఆమె నీ భర్త అక్క, అంతే. మేనకోడలివి కాకపోతే పెళ్ళికి అడ్డమేముంది?"

"మా అమ్మ అండి ఆవిడ."

"ఇంట్లో" అన్నాడు.

కుదరదని చెప్పి వచ్చేశాను. వచ్చేసరికి గాలికి ఒక మంచం తిరగబడి వడియాలన్నీ మట్టిలో ఉన్నాయి. అమ్మ ఏరుతోంది.

సెప్టెంబరు 15

కుదరదు.

సెప్టెంబరు 27

వకీలు ఫోను. జవాబు దాఖలు చెయ్యడానికి ఇంకొక్క వాయిదా ఇస్తారట. ఆ తర్వాత నా జవాబు లేకుండానే నడిపిస్తారట.

"ఓడిపోతే ఏమని రాస్తారు?" అని అడిగాను.

"భార్య కాదు అని."

"మరేమిటని?"

"అది రాయరు. చదివినవాళ్ళు అనుకుంటారు" అన్నాడు.

ముప్పై ఏళ్ళు ఆయన అన్నం కారియరు కట్టాను. పుట్టిన బిడ్డ పురిట్లోనే పోతే ఇద్దరం కలిసే మట్టి చేశాం.

అక్టోబరు 9

జవాబు మీద సంతకం పెట్టాను. నాలుగో పేరా. రెండో ప్రతివాది నా తల్లి కాదు, నా భర్తకి అక్క మాత్రమే.

భర్తకి అక్క అన్నది నిజమే. సగం నిజం ఉంది. కాగితం మీద మాటే కదా.

అమ్మకి చెప్పలేదు. చెప్పినా చదువు రాదు. అమ్మ హాజరు కాకపోతేనే మంచిదని వకీలు అన్నాడు. దారిలో అమ్మకి ఇష్టమని సీతాఫలాలు కొన్నాను.

2018 జనవరి 18

జడ్జి సెలవు.

మార్చి 6

వకీళ్ళ సమ్మె. చెట్టుకింద అందరూ పల్లీలు తింటున్నారు.

ఏప్రిల్ 24

ఎండ మండిపోతోంది. అప్పడాలు పూటకే ఎండిపోతున్నాయి. వివాదాంశాలు ఏమేమిటో ఇవాళ రాశారు. మొదటిది: పైడమ్మ రెండో ప్రతివాది కూతురా? అమ్మ ఒక్కసారి కూడా రాలేదు కాబట్టి అమ్మ మీద ఏకపక్షం అని రాసుకున్నారు.

జూన్ 28

జడ్జికి బదిలీ. కొత్తావిడ రావాలి.

ఆగస్టు 12

అమ్మ చేటలో మినుములు బాగుచేస్తోంది. తలెత్తకుండా అంది.

"నాను నీ అమ్మని కాదని రాసీసినావంట."

పెదమామ చెప్పి ఉంటాడు.

"ఇంటి కోసం రాయాల్సొచ్చింది."

"ఎవులింటి కోసం?"

"మనింటి కోసమే."

చేట రెండుసార్లు చెరిగింది. రాళ్ళు పక్కన పెట్టింది.

"మీ మావ బతికుంటే రాయనిచ్చేవాడా?"

"చెప్పకుండా దాచమన్నదే ఆయన."

"దాయడం ఏరు" అంది. మంచినీళ్ళు తాగి, మళ్ళీ మినుములు ముందుకి లాక్కుంది.

ఆగస్టు 15

అమ్మ మామూలుగానే ఉంది. సాహుయిన్ వచ్చి కూర్చుంటే ఆమె ఎదురుగానే నన్ను పిలిచింది. "ఒలె మరదలా, పప్పు నానబెట్టినావా?"

తమ్ముడి పెళ్ళాన్ని అలాగే పిలుస్తారు. ఎగతాళికి అందనుకున్నాను.

ఆగస్టు 29

ఇంట్లో ఎవరూ లేనప్పుడు కూడా మరదలా అనే పిలుస్తోంది.

నవంబరు 14

ఎన్నికలు. కోర్టు సిబ్బంది అంతా ఆ డ్యూటీల్లో ఉన్నారట. తారీకు ఇచ్చి పంపించారు. అమ్మ ఓటు వేస్తానంది. పోలింగు రోజున తీసుకెళ్తానన్నాను.

2019 ఫిబ్రవరి 7

పెదమామ సాక్ష్యం. ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చాడు. కొత్త జడ్జి చిన్నమ్మాయి. ఆయన "భాంజీ" అన్నప్పుడల్లా టైపు చేసే మనిషి తలెత్తి నన్ను చూశాడు.

దేవాంగన్ అడిగాడు. "ఈ పెళ్ళి చెల్లదని ముప్పై ఏళ్ళలో ఎప్పుడైనా అన్నారా?"

"నాకు చట్టం తెలీదు."

"ఎప్పుడు తెలిసింది? తమ్ముడు పోయాకా?"

పెదమామ నీళ్ళు అడిగాడు.

ఊరినుంచి సాక్షులెవరూ రాలేదు. నాన్న చెల్లెలు రమణమ్మత్తకి పెదమామ పార్వతీపురం కబురు పెట్టాడట. రక్తం పంచుకున్నవాళ్ళు కొట్టుకునే చోటికి నేను రానందట. ఇంక మిగిలింది అమ్మ. అమ్మని వాది సాక్షిగా పిలిపించమని వాళ్ళ వకీలు దరఖాస్తు పెట్టాడు. దేవాంగన్ వద్దన్నాడు. జడ్జి పిలిపించమంది.

ఫిబ్రవరి 8

అమ్మ బోనెక్కితే నిజం చెప్పేస్తుంది. చెబితే సగం ఇల్లు అమ్మది. చెప్పకపోతే ఏమీ రాదు. అమ్మకి ఇదంతా పెదమామ విడమర్చి చెప్పాడు. నేనేమీ చెప్పలేదు. అడగడానికి నాకు మొహం లేదు.

ఏప్రిల్ 16

ఎండలో ఆటోలో ముగ్గురం ఒక్కసారే దిగాం. నేను, అమ్మ, దారిలో ఎక్కిన పెదమామ. ఆటోవాడు మమ్మల్ని ఒకే పార్టీ అనుకున్నాడు.

అమ్మకి తెలుగు చెప్పేవాళ్ళు కావాలా అని జడ్జి అడిగింది. అమ్మ అక్కర్లేదంది. పాతికేళ్ళుగా కూరల బజారులో మాట్లాడే ఛత్తీస్‌గఢీ ఉంది కదా.

వాళ్ళ వకీలు నన్ను చూపించాడు. "ఈమె నీ కూతురేనా?"

అమ్మ నన్ను చూసింది. కొత్తగా ఎవర్నో చూసినట్టు, నెత్తినుంచి కాళ్ళ దాకా.

"మోర్ కోనో బేటీ నఇ హే."

నాకు కూతురెవరూ లేరు అని. ఇంట్లో అమ్మ నోట ఆ భాష నేనెప్పుడూ వినలేదు.

పెదమామ లేచి నిలబడ్డాడు. బంట్రోతు కూర్చోమన్నాడు. వాళ్ళ వకీలు, సాక్షి ఎదురు తిరిగిందని రాయించి, మళ్ళీ మళ్ళీ అడిగాడు. ఆమె నిన్ను అమ్మా అని పిలవదా అన్నాడు. "పిలిచేది" అంది అమ్మ. పైడమ్మని ఎవరు కన్నారు అన్నాడు. "కన్నోళ్ళని అడుగు" అంది. జడ్జి పెదవి బిగపట్టి నవ్వు ఆపుకుంది.

బయటికి వచ్చాక పెదమామ అన్నాడు. "చేతికొచ్చిన సగం ఇల్లు పారీసుకున్నావక్కా. ఏటి ఒరిగింది నీకు?"

"ఆటో పిలు. ఎండగా ఉంది" అంది అమ్మ.

అమ్మ నాకోసమే చెప్పింది.

ఏప్రిల్ 17

నాకోసమే చెప్పింది. కాకపోతే ఎవరికోసం?

జులై 22

వాన. ఇవాళ నా వంతు. ముందు సాహుయిన్ చెప్పింది. ఆవిడకి నిజంగానే తెలీదు కాబట్టి గట్టిగా చెప్పింది. వీళ్ళిద్దరూ వదినామరదళ్ళు, ఇలా పోట్లాడుకోకుండా ఉన్నవాళ్ళని నేను చూళ్ళేదు అంది.

తర్వాత నేను. వకీలు నేర్పినదంతా తప్పు పోకుండా చెప్పాను. ఆఖర్న వాళ్ళ వకీలు, "అయితే మీ అమ్మ పేరు?" అన్నాడు.

అది వకీలు నేర్పలేదు.

"సూరమ్మ" అన్నాను. మా ఊళ్ళో మంత్రసాని పేరు. నోటికి అదే వచ్చింది.

"ఎక్కడుంది?"

"లేదు. పోయింది."

"ఎప్పుడు?"

"నా చిన్నప్పుడు."

"ఎలా పోయింది?"

"జ్వరమొచ్చి."

అన్నీ రాశారు. చదివి వినిపించారు. సంతకం పెట్టాను. బయటికి వస్తే వరండాలో, కిటికీ పక్క బెంచీ మీద అమ్మ కూర్చుని ఉంది. ఇంటి తాళం నా దగ్గరే ఉండిపోయిందని వాన వెలిసాక ఆటో ఎక్కి వచ్చిందట. ఎంతసేపయిందని అడగలేదు. తాళం చేతికిచ్చాను.

జులై 23

అమ్మకి శనివారమే తలస్నానం. ఇవాళ మంగళవారం. పొద్దున్నే పెరట్లో తొట్టి దగ్గర కట్టుకున్న చీరతోనే నెత్తిమీద నీళ్ళు గుమ్మరించుకుంది. చావు కబురు విన్నవాళ్ళు పోసుకున్నట్టు.

నేను పొయ్యి వెలిగించాను. తడి చీర ఆరేసి వచ్చి, "అన్నానికి ఎసరు పెట్టీ మరదలా" అంది.

అక్టోబరు 17

దావా కొట్టేశారు. గెలిచాం. దేవాంగన్ తీర్పు తిరగేసి చదివాడు. పైడమ్మ రామయ్యకి చట్టప్రకారం భార్య. రెండో ప్రతివాది పైడమ్మ తల్లి అని వాది రుజువు చెయ్యలేకపోయాడు. రెండో ప్రతివాది స్వయంగా కాదంది. పైడమ్మ తల్లి సూరమ్మ చాలాకాలం కిందట చనిపోయిందన్న మాట నమ్మదగినదిగా ఉంది.

"అప్పీలుకి వెళ్తారేమో. అంతదాకా జాగ్రత్త. కాగితాల్లో ఎక్కడా మాట తేడా రాకూడదు" అన్నాడు.

పేడాలు కొని ఇంటికి వచ్చాను. అమ్మ ఒకటి తీసుకుంది.

"ఏటి రాశారు?"

"ఇల్లు మనదేనని."

"ఇంకేటి రాశారు?"

"అంతే."

అమ్మ పేడా నోట్లో వేసుకుంది. పళ్ళు లేవు కదా, చాలాసేపు తింది.

నవంబరు 19

అమ్మ కుడికంటికి శుక్లం ఆపరేషను. కౌంటరు దగ్గర అమ్మాయి ఫారం నింపుతోంది. పేషెంటు మీకేమవుతుంది అని అడిగింది. నా వెనక ఎవరో ముసలాయన, ఎవరో పసిపిల్లతో ఒకావిడ. కోర్టువాళ్ళు ఎవరూ లేరు. పెదమామ లేడు. ఆ అమ్మాయి నా వంక చూడనైనా చూడలేదు.

"ననద్" అన్నాను. ఆడపడుచు అని.

అమ్మ పక్కనే నిలబడి ఉంది. నా చెయ్యి పట్టుకుని ఉంది. చెయ్యి తీసి గోడ పట్టుకుంది.

నవంబరు 20

కట్టు విప్పారు. బాగా కనిపిస్తోందట. ఇంటికొచ్చాక చుక్కలమందు వెయ్యబోతే, సాహుయిన్ చేత వేయించుకుంటానంది.

నవంబరు 26

జాగ్రత్త కోసం అన్నాను. వకీలే చెప్పాడు కదా, మాట తేడా రాకూడదని. ఇది అమ్మకి విడమర్చి చెప్పాలి. అప్పీలు గడువు దాటనివ్వాలి, అప్పుడు చెప్తాను.

డిసెంబరు 2

చలి మొదలైంది. ఉదయం మినుములు నానబోశాను. అమ్మ పెదమామకి ఫోను చేయించమంది. చేసి ఇచ్చాను. నన్ను బయటికి వెళ్ళమంది. తర్వాత రెండు చీరలు, దుప్పటి, కంటి మందు సంచిలో పెట్టుకుంది. ఎక్కడికి అంటే రమణమ్మ దగ్గరికి అంది. ఎప్పుడొస్తావు అంటే, "నీ పిండి పులిసిపోతాది, చూసుకో" అంది.

డిసెంబరు 3

అమ్మ ఈ పొద్దున్న విశాఖ పాసింజరుకి పార్వతీపురం వెళ్ళిపోయింది. పెదమామ ఆటో తెచ్చాడు, దిగలేదు. నేను స్టేషనుకి వెళ్ళలేదు. బండి ఎనిమిది దాటాక కదిలిందని ఆయనే ఫోను చేశాడు.